అక్కకు మిగిలిన మాట

మెదడు కణాలకు ఊపిరి ఆపడం నా ఉద్యోగంలో ఒక భాగం. హైదరాబాదులో ఒక ల్యాబులో పని చేస్తాను. ఎలుకల మెదడు నుంచి తీసిన కణాలను చిన్న ప్లాస్టిక్ పళ్ళేల్లో పెంచుతాం. అవి కొమ్మలేసి, ఒకదాన్నొకటి అందుకున్నాక, చక్కెర లేని నీళ్లలోకి మార్చి, ఆక్సిజన్ అందని పెట్టెలో పెడతాం. పక్షవాతం వచ్చిన మనిషి తలలో, నెత్తురు ఆగిన చోట ఏం జరుగుతుందో అదే పళ్ళెంలో జరిపించి చూస్తామన్నమాట. తర్వాత మళ్ళీ గాలీ చక్కెరా ఇచ్చి, ఏ ప్రోటీన్లు పెరిగినాయి, ఏవి తగ్గినాయి అని లెక్క తీస్తాం.

మా అక్కకు ఇదంతా నవ్వులాట. ఆళ్ళగడ్డ బజారులో ఆమెకూ బావకూ పప్పులు, బియ్యం అమ్మే అంగడి ఉంది. పేరుకే బావది. మాటంతా అక్కది. రుద్రవరం నుంచి, దొర్నిపాడు నుంచి వచ్చేవాళ్ళు కూడా ఆమెతో రెండు మాటలు మాట్లాడి గానీ సంచి ఎత్తుకునేవాళ్ళు కాదు. నేను ఫోన్ చేస్తే ముందు అదే అడిగేది: "ఏం పాపా, ఇంకా ఎలుకల్నే చంపుతాండావా?"

ఒక పొద్దున కందిపప్పు తూస్తూ తూస్తూ అక్క చేతిలోంచి డబ్బా జారిపోయింది. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడి కాలు నిలవలేదు. బావ వాళ్ళమ్మ చూసి, గాలి సోకింది, ఆస్పత్రికి తీసుకపోతే సూదులేసి చంపేస్తారు అనింది. ఒక పల్లెలో పసరు మందు పోసేవాడున్నాడని ఆటోలో ఆడికి తీసుకపోయినారు. వాడు ముక్కులో పసరు పిండి, పావురాన్ని కోసి ఆ నెత్తురు చేతికీ కాలికీ రుద్ది పంపినాడు. ఇంటికి తెచ్చి పండబెట్టినారు. సాయంత్రానికీ లేవకపోయేసరికి బావ నాకు ఫోన్ చేసినాడు.

"నంద్యాలకు తీసుకపో బావా. ఇప్పుడే. బట్టలు కూడా సర్దొద్దు" అని అరిచినాను. గంట కూడా పట్టని దారి. పొద్దున్నే ఆ దారి పట్టి ఉంటే అనే మాట ఆ తర్వాత మేమిద్దరమూ ఎప్పుడూ పైకి అనుకోలేదు.

నేను నంద్యాల చేరేసరికి తెల్లారింది. డాక్టరు మంచివాడే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు టైము దాటిపోయిందమ్మా అన్నాడు. నాకు తెలుసు అన్నాను. స్కాను చూపించినాడు. ఎడమ పక్క, మాట పుట్టే చోటంతా నల్లగా ఉంది. అక్క గోళ్ళలో పావురం నెత్తురు ఎండిపోయి అట్లనే ఉంది. నర్సునడిగి దూది తెచ్చుకొని, ఒక్కొక్క వేలూ తడిపి తుడుస్తా కూర్చున్నాను.

బావ నన్ను వరండాలోకి పిలిచినాడు. "పాపా, నువ్వు చదివేది ఇదే గదా?"

"ఇదే బావా."

"అయితే మీ ఆఫీసులో ఏదో ఒక మందు ఉంటాది గదా. బయటికి ఇయ్యకూడదేమో. నేనెవరికీ చెప్పను. తెప్పియ్."

"లేదు బావా. ఉంటే ఇంతసేపు ఊరుకుంటానా?"

"మరి ఇన్నేండ్లు ఏం చేస్తాండారు ఆడ?"

కోపంతో అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినాడు. పళ్ళెంలో బతికించినవి మనిషిలో బతికించలేకపోయినామని, ఇంకా చూస్తున్నామని చెప్పినాను. ఆయన తలూపి పక్కకు తిరిగినాడు.

ఆ రోజులన్నీ అక్క మంచం పక్కన కూర్చొని నాకు తెలిసిందే నేను తలుచుకుంటూ ఉండిపోయినాను. నెత్తురు ఆగిన చోటు చుట్టూ ఇంకా చావని కణాలు కొన్ని ఉంటాయి. దెబ్బ తగిలినాక అవి ప్రోటీన్లు తయారు చేయడం ఆపేస్తాయి. కొన్ని మళ్ళీ మొదలుపెడతాయి. కొన్ని ఎప్పటికీ మొదలుపెట్టవు. మొదట్లో మైక్రోస్కోపులో చూస్తే రెండూ ఒక్కటే మాదిరి ఉంటాయి. ఏది పోయేదో, ఏది నిలబడేదో చూసి చెప్పలేము. అది చెప్పగలిగే ప్రోటీన్ ఒకటి దొరుకుతుందేమోననే నా పని అంతా. ఈ సంగతిని నేను ఎన్ని మీటింగుల్లోనో చెప్పినాను, మధ్యలో నీళ్ళు తాగుతూ, నింపాదిగా.

కొన్నాళ్ళకు అక్క నోరు తెరిచింది. బావ గంజి తాగిస్తా, "ఇంకొంచెం తాగుతావా?" అంటే, "సరేలే" అనింది. స్పష్టంగా, తన గొంతుతోనే. బావ ఏడ్చేసినాడు. వార్డులో అందరికీ మిఠాయి పంచినాడు. నేనూ తిన్నాను. ఇంక దారిలో పడుతుందిలే అనుకొని హైదరాబాదు వెళ్ళిపోయినాను. ఫోన్లో ఏం చెప్పినా అక్క "సరేలే" అనేది. ఆ ఒక్క మాటే ఎందుకంటుందో ఆలోచించాల్సింది నేను. వినబడుతోందన్న సంతోషంలో ఆలోచించలేదు.

నెలలు గడిచినాక ఆళ్ళగడ్డకు పోయినాను. అక్క మంచంలో దిండుకు ఆనుకొని ఉంది. తలకు తువ్వాలు చుట్టి ఉంది. తీసి చూస్తే గుండు. మా ఇంట్లో ఎవరికీ లేనంత జుట్టు ఆమెది. అద్దం ముందు కూర్చొని జడ వేసుకోవడమొక్కటే ఆమె తనకోసం చేసుకునే పని.

"మొక్కుకున్నాంలేమ్మా" అనింది బావ వాళ్ళమ్మ. "అహోబిలం తీసుకపోయి ఇచ్చొచ్చినాం. ఆమెను అడిగినాకనే. సరేలే అనింది. దేవుని ముందర కండ్లలో నీళ్ళు కూడా పెట్టుకుండె."

నేను అక్క పక్కన కూర్చున్నాను. బయట ఎండ మండుతా ఉంది. "అక్కా, బయట వాన పడతాందా?" అన్నాను.

"సరేలే."

"నేను నీ తమ్ముణ్ణా?"

"సరేలే." అంటూనే తల అడ్డంగా ఊపబోయింది, కుదరలేదు. ముఖం ఎర్రగా అయిపోయింది. ఎడమ చేత్తో మంచం పట్టెను కొట్టింది.

ఆ చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, అవునంటే నొక్కు. కాదంటే నా చెయ్యి తోసెయ్. నేను నీ చెల్లెల్నా?" నొక్కింది. "తమ్ముణ్ణా?" తోసేసింది. "గుండు చేయమని నువ్వు అన్నావా?"

తోసేసింది. ఎంత బలంగానంటే నా గాజు మంచానికి తగిలి పగిలింది.

బావ వాకిట్లో నిలబడి ఇదంతా చూస్తా ఉన్నాడు. ఆ వారమే అంగడి ఎత్తేసి, సామాన్లు వేరేవాళ్ళకు అప్పగించాలని అనుకొని ఉన్నారు. అది కూడా అక్కను అడిగే. బావ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అంగడి మూసేద్దామా?" తోసేసింది.

"అడిగే చేసినా గదా పాపా" అన్నాడు. "ప్రతీదీ అడిగే చేసినా. ఏందీ ఇది?"

అంగడి మూయలేదు. పొద్దున పూట బావ అక్కను కుర్చీలో కూర్చోబెట్టి గల్లా పెట్టె పక్కన ఉంచేవాడు. వచ్చేవాళ్ళు ఆమెతో మాట్లాడేవాళ్ళు. కొందరు ఆమె ముందరే ఆమె గురించి, ఆమె లేనట్టు మాట్లాడేవాళ్ళు. అప్పుడామె గోడ వైపు చూసేది. జుట్టు కొంచెం కొంచెంగా మొలిచింది, సగం తెల్లగా.

మింగడం మాత్రం సరిగ్గా రాలేదు. అన్నం పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం తగిలింది. మళ్ళీ నంద్యాలకే తీసుకపోయినారు. బావ ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబులో ఉన్నాను. పెట్టెలోని కణాలు అట్లనే వదిలేసి బస్సెక్కినాను. దారిలోనే తెలిసింది. నేను చేరేసరికి అక్కను ఇంటికి తెచ్చేసినారు.

కర్మలన్నీ అయినాక ఒక మధ్యాహ్నం బావ అంగడి తలుపు తీసి, ఊరికే లోపల కూర్చున్నాడు. నేనూ పోయి బస్తా మీద కూర్చున్నాను. ఆయనే మొదలుపెట్టినాడు.

"ఆ పొద్దు డాక్టరు ఊపిరి మిషన్ పెట్టమంటారా వద్దా అని అడిగినాడు. పెట్టినా లాభం తక్కువే అన్నాడు. నేను పోయి ఆమె చెయ్యి పట్టుకొని అడిగినా. నొక్కలే. తొయ్యనూ లే. మళ్ళా అడిగినా. ఉలుకూ పలుకూ లే."

"ఏం చెప్పినావు బావా డాక్టరుకు?"

"వద్దన్నా." ఆయన తక్కెడ పళ్ళేన్ని గుడ్డతో తుడుస్తా ఉన్నాడు. "తప్పు చేసినానా పాపా?"

నేనైనా అదే చెప్పేదాన్ని బావా అన్నాను. అది నిజమో కాదో నాకు తెలీదు.