గుడ్డ మీది, కుట్టు నాది

రాజోలు దగ్గర ఏటిగట్టు పక్క ఊళ్ళో, ఈ మూడు నాలుగేళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డా కనకరత్నం కుట్టిన బొంత మీదే బోర్లాపడింది. ఆ సంగతి ముగ్గురికే తెలుసు: కనకరత్నానికి, అత్త పార్వతికి, మామ బుచ్చిరాజుకి. తక్కిన ఊరంతా అది పార్వతమ్మ చేతి చలవ అనుకునేది. ఉత్తినే అనుకోవడమా! బొంత పట్టుకెళ్ళిన పార్వతమ్మకి కాళ్ళకి పసుపు రాసి, బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క చేతిలో పెట్టి మరీ పంపేది. పార్వతమ్మకి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు.

సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా. కానీ ఈ సోకు పార్వతమ్మ కోరి తెచ్చుకున్నది కాదు. అది ఎలా మొదలైందో చెబితే మీకూ ఒళ్ళు మండుతుంది.

కనకరత్నం మొగుడు దుర్గాశ్రీనివాస్ రొయ్యల చెరువు మీద పని చేసేవాడు. ఓ వానరోజు పొద్దున్న, చెరువు నీళ్ళు చిలికే ఏరేటరు తిరగడం మానేస్తే చూద్దామని నీళ్ళలోకి దిగి, కరెంటు కొట్టి అక్కడికక్కడే పోయాడు. అప్పటికి కూతురు లక్ష్మీతులసికి ఏడాదిన్నర. కడుపులో అయిదో నెల. నాలుగు నెలలకి కొడుకు పుట్టాడు. శివనాగరాజని పేరు పెట్టుకుని, నాగూ అని పిలుచుకున్నారు.

ఆ ఊళ్ళో పసిబిడ్డకి కొత్తగుడ్డ తాకించరు. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడ్డ నేతచీరలే పొత్తిగుడ్డలు, వాటితో కుట్టిందే బొంత. అంతవరకూ బంగారంలాంటి మాట. కానీ దానికో తోక ఉంది. చీర ఇచ్చేదీ, బొంత కుట్టేదీ ముత్తైదువే అయ్యుండాలి. తండ్రి పోయాక పుట్టిన నాగూకి చీర ఇవ్వడానికి బయటి ముత్తైదువ ఎవరికీ చెయ్యి రాలేదు. ‘ఎందుకొచ్చిన గొడవ’ అని అందరూ తలుపు దగ్గరే పలకరించి వెళ్ళిపోయారు. కనకరత్నం తన చీరలే మూడు చింపుకుంది.

మామూలుగా బొంత కుట్టాలంటే గుడ్డలన్నీ నేల మీద పొరలుగా పరిచి, మూలకో బరువు పెట్టి, చుట్టూ జరుగుతూ కుట్టాలి. ఓ పక్క చంటివాడు, ఇంకో పక్క రెండేళ్ళు నిండని పిల్ల ఉన్న ఇంట్లో అదెక్కడ సాగుతుంది? పరిచిన గుడ్డ మీద పిల్ల దొర్లేది, పిల్లాడు తడిపేసేవాడు. అందుకని కనకరత్నం బొంతని ముక్కలు చేసుకుంది. ఒళ్ళో పట్టేంత గడి, జానెడున్నర పొడుగు, జానెడున్నర వెడల్పు. నాలుగు త్రికోణాలు కలిపి ఒక గడి. నాగూ పాలు తాగుతున్నప్పుడు ఒక అంచు, ఉయ్యాల ఊపుతూ కాలి బొటనవేలికి తాడు కట్టుకుని ఇంకో అంచు. గళ్ళన్నీ పోగయ్యాక, పిల్లలిద్దరూ నిద్రపోయిన ఒక్క మధ్యాహ్నం వాటిని కలిపేసేది. సూదులు ఎప్పుడూ అయిదే. కూర్చునే ముందు అయిదు, లేచే ముందు అయిదు. ఒకటి తగ్గితే అది దొరికేదాకా ఇంట్లో ఎవరూ కదలడానికి వీల్లేదు, మామగారైనా సరే.

అలా పుట్టింది గళ్ళ బొంత. పిల్లల మధ్య మరో దారి లేక కనిపెట్టిన పని అది. నాగూ దాని మీద పడుకుని చెయ్యీ కాలూ ఆడిస్తుంటే గళ్ళు రంగురంగుల తోటలా ఉండేవి. వీధి మొగలో కొబ్బరి వర్తకం చేసే వాళ్ళింటి ఉషారాణి గారు ఓ రోజు కొబ్బరికాయల దింపుల మాట చెప్పడానికి బుచ్చిరాజు కోసం వచ్చి, ఆ బొంత చూసి ఆగిపోయారు.

“ఎంత బాగుందే పార్వతమ్మా! మా అమ్మాయి రేవతికి నెలలు నిండుతున్నాయి. ఇలాంటిదే కావాలి. ఎవరు కుట్టేరు?”

తలుపు వెనక కనకరత్నం ఉంది. అత్త తన పేరు చెబుతుందని చెవులు రిక్కించింది.

“నేనేనండీ,” అంది పార్వతమ్మ.

ఆవిడ వెళ్ళాక కోడలు ఒక్క మాటే అడిగింది. “అదేటత్తా, అలాగన్నారు?”

“నీ పేరు చెబితే పుచ్చుకోరమ్మా,” అంది పార్వతమ్మ, తల ఎత్తకుండా. “పుచ్చుకోకపోతే పోయారు, నలుగురిలో నిన్నో మాట అంటారు. నేను వినలేను.”

అత్త మంచికే చెప్పింది. మంచికి చెప్పిన అబద్ధమంత పాడు వస్తువు ఇంకోటి లేదు, తిట్టడానికి కూడా లేకుండా పోతుంది. అప్పట్నించీ గళ్ళ బొంత ‘పార్వతమ్మ బొంత’ అయిపోయింది. అవతలి ఊళ్ళ నుంచి కూడా చీరల మూటలు వచ్చేవి. కనకరత్నం కుట్టేది, పార్వతమ్మ పట్టుకెళ్ళి బొట్టు పెట్టించుకునేది. బారసాలల్లో ఆ బొంత మీద బిడ్డని చూసి ఊరు మురిసిపోతుంటే, దాన్ని కుట్టిన మనిషి పెరట్లో అంట్లు తోముకుంటూ ఉండేది. పిలిచేవాళ్ళు లేరు. పిలిచినా, ఉయ్యాల దగ్గరికి రానిచ్చేవాళ్ళు లేరు.

తీరిందల్లా ఆ కుట్టుకూలితో ఇల్లు గడవడం. తీరనిది ఒక్కటే కోరిక. ఒక్కసారి, ఒక్కరి నోట, వీధిలో నిలబడి, ‘ఇది కనకరత్నం కుట్టింది’ అన్న మాట వినాలి. ఇది పెద్ద కోరికా? ఇడ్లీలు వేసే మనిషికి కూడా ఆ పేరు దక్కుతుందే!

ఈ ఏడు రేవతి రెండో కాన్పుకి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఉషారాణి గారు, పుణ్యస్త్రీగా పోయిన తన అత్తగారి బండారులంక నేతచీరలు మూట కట్టి పంపించారు. కనకరత్నం పన్నెండు గళ్ళు పూర్తి చేసిన మర్నాడు, పొద్దున్నే టీ గ్లాసు చేతిలో ఉండగానే బుచ్చిరాజు గుండె ఆగి పోయాడు. పెద్దకర్మ అయ్యేదాకా కనకరత్నం సూది ముట్టలేదు. అయ్యాక రెండు రోజుల్లో మరో నాలుగు గళ్ళు కుట్టింది. ఏడుపు దిగమింగడానికి ఆ ఇంట్లో ఉన్న దారి అదొక్కటే.

మూడో రోజు మధ్యాహ్నం ఉషారాణి గారు వచ్చారు. గుమ్మం ఎక్కలేదు. వాకిట్లోనే నిలబడ్డారు.

“ఏమనుకోకు పార్వతమ్మా. నీ చేతి మీద నాకు గురి లేక కాదు. కానీ నీకూ ఇలా అయిపోయింది కదా. పసిదాని సంగతి. మా చీరలు ఇచ్చేస్తే, అమలాపురంలో ఎవరిచేతనైనా కుట్టించుకుంటాం.”

“ఆయ్,” అంది పార్వతమ్మ. నోట్లో నాలుక లేని మనిషి.

కనకరత్నం గళ్ళన్నీ తెచ్చి అరుగు మీద పెట్టింది. ఉషారాణి గారు వాటిని చూసి మళ్ళీ మెత్తబడ్డారు. అంత బాగున్న పనిని వదులుకోవడానికి ఆవిడకి మనసొప్పలేదు. కాస్త ఆలోచించి, ఒక దారి కనిపెట్టారు.

“పోనీ, బుచ్చిరాజు ఉండగా నువ్వు కుట్టినవి వేరు చేసివ్వు. అవి పనికొస్తాయి. తరవాత కుట్టినవి ఉంచేసుకో. ఏవి ముందువే?”

వినండి ఈ న్యాయం! గుడ్డ ఒకటే, దారం ఒకటే, చెయ్యి ఒకటే. మొగుడు టీ తాగుతుండగా కుట్టింది శుభం, గ్లాసు జారాక కుట్టింది అశుభం.

పార్వతమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక గడి చేతిలోకి తీసుకుంది. మొహానికి దగ్గరగా పెట్టి చూసింది. ఇంకోటి తీసింది. ఆవిడకేం తెలుస్తుంది? కోడలి వంక చూసింది. ఎప్పటిలాగే కోడలు కంటితో చెబుతుందని, తాను నోటితో అనేయొచ్చని.

కనకరత్నం చెప్పలేదు. పక్కకి తిరిగి గోడ చూస్తూ నిలబడింది. నోరు తెరిస్తే నాలుగేళ్ళ కోపంలో ఏం వస్తుందో తనకే తెలీదు.

“చెప్పవే,” అన్నారు ఉషారాణి గారు.

పార్వతమ్మ గడి కింద పెట్టేసింది. కళ్ళజోడు తీసేసింది.

“నాకు తెలీదండీ. ఇందులో నేను ఒక్క కుట్టూ వేయలేదు. ఇదొక్కటే కాదండీ, ఏ బొంతా నేను కుట్టలేదు. అన్నీ మా కోడలే కుట్టింది. మీరు పుచ్చుకోరని నా పేరు చెప్పేను.”

ఉషారాణి గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. “అయితే మా రేవతి పెద్దాడిది?”

“అదీ నేనే కుట్టేనండీ,” అంది కనకరత్నం, ఇటు తిరిగి. “నాలుగేళ్ళు కావస్తోంది. మీ మనవడికేవన్నా అయ్యిందాండీ?”

“శుభమా అని చంటిబిడ్డ గురించి మాట్లాడుతుంటే అలాగంటావేంటే!”

“ఏవీ అవ్వలేదండీ. రాయిలా ఉన్నాడు. నిన్న మా కోడిపెట్టని గట్టుదాకా తరిమేడు. మా నాగూ కూడా ఈ చేత్తో కుట్టిన బొంత మీదే పెరిగేడు. నా చెయ్యి తగిలితే బిడ్డలకి పడదంటే, ముందు నా బిడ్డలకి పడకూడదు కదండీ?”

“వాదనలు నాకొద్దు. నా గుడ్డలు నాకిచ్చెయ్.”

కనకరత్నం అరుగు మీద కూర్చుంది. బ్లేడు తీసింది. పై గడి ఒళ్ళో పెట్టుకుని కుట్లు తెంచడం మొదలుపెట్టింది. నాలుగు త్రికోణాలూ విడిపోయాయి. వాటిని చదును చేసి ఉషారాణి గారి ముందు పెట్టింది.

“గుడ్డ మీదండీ, తీసుకోండి. కుట్టు నాదండీ, అది ఇవ్వను.”

రెండో గడి ఊడదీస్తుండగా ఉషారాణి గారు విసవిసా వెళ్ళిపోయారు. కనకరత్నం ఆపలేదు. పదహారు గళ్ళూ ఊడదీసింది. పన్నెండు శుభమైనవీ, నాలుగు అశుభమైనవీ. ముక్కలన్నీ మూట కట్టి, వీధంతా చూస్తుండగా పట్టుకెళ్ళి, వాళ్ళ అరుగు మీద పెట్టి వచ్చింది. అంత పనినీ తన చేత్తో తనే చెడగొట్టుకున్నందుకు ఏడ్చింది. పార్వతమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

మూటలు రావడం ఆగిపోయింది. ఊరు తలో మాటా అంది. మోసం చేశారన్నవాళ్ళే ఎక్కువ. తమ పిల్లలు బొద్దుగా తిరుగుతుండగా, అన్నం పెడుతూ పెడుతూ ఆ మాట అన్నారు.

ఎనిమిదో రోజున రేవతి వచ్చింది. ఒక చంకలో పసిపిల్ల, ఇంకో చేతిలో ఆ మూట. నడుచుకుంటూ పెద్దాడు, బొంతని నేల మీద ఈడ్చుకుంటూ.

“అమ్మ వీడి బొంతని పశువులపాకలో పడేయించిందక్కా. వీడు మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఇది లేకపోతే నిద్రపోడు. పాకలోంచి నేనే తెచ్చి ఉతికేను.” మూట అరుగు మీద పెట్టింది. “పిల్లకి కుట్టివ్వక్కా.”

“మీ అమ్మగారొచ్చి అడగమనండి,” అంది కనకరత్నం.

“అమ్మ రాదు.”

“అయితే పట్టుకెళ్ళిపోండి.”

రేవతి కదల్లేదు. చంకలో పిల్లని తీసి, కనకరత్నం ఒళ్ళో పెట్టేసింది. “అమ్మ సంగతి అమ్మది. బిడ్డ నాది. నేనడుగుతున్నాను.”

నాగూ తరవాత కనకరత్నం ఒళ్ళోకి పసిబిడ్డ రావడం అదే మొదలు. ఆ బరువు చేతులకి తెలిసింది. కోపం పోలేదు. ఎందుకు పోతుంది, నాలుగేళ్ళది! పిల్ల మెడ కింద చెయ్యి పెట్టి సర్దుకుంటూనే అడిగింది.

“ఎవరు కుట్టేరని అడుగుతారు. ఏం చెప్తారు?”

“కనకరత్నం అక్క కుట్టిందని చెప్తాను.”

“ఇక్కడ నాకు చెబితే ఏం లాభం? వాకిట్లోకెళ్ళి చెప్పండి. గట్టిగా.”

రేవతి ఒక్క క్షణం తల్లి ఉండే వైపు చూసింది. తరవాత వాకిట్లోకి నడిచింది. ఎదురింటి పైడమ్మ చేట పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా వింటూనే ఉంది.

“పైడమ్మ గారండీ! మా పిల్లకి గళ్ళ బొంత కుట్టించుకుంటున్నాను. కనకరత్నం అక్క చేత. మా పెద్దాడిదీ ఆవిడ కుట్టిందేనండీ.”

ఆ మాట వీధి మొగదాకా వినబడింది. లోపల్నించి పార్వతమ్మ సూదుల డబ్బా తెచ్చి కోడలి పక్కన పెట్టి, మూత తీసి, “అయిదూ ఉన్నాయి, చూసుకో,” అంది.