కన్నమ్మ పేరు మీద వచ్చిన రక్తం

2023 వానాకాలం. అప్పటికి నేను సుక్మాలో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేరి చాలాకాలమైంది. అంతకుముందు మా ఆయన రైల్వే ఉద్యోగం వల్ల కిరందుల్ క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఆయన లివర్ క్యాన్సర్‌తో పోయారు. అప్పటి నుంచి లివర్ రిపోర్టు ఏదైనా రెండోసారి చదవకుండా చేతి నుంచి వదలను.

ఎర్రబోరు దగ్గరి పల్లెలో కన్నమ్మ అనే పెద్దామెకు హెపటైటిస్ బి ఉంది. ఏళ్ల తరబడి ఉంటే అది కొందరిలో క్యాన్సర్‌కు దారి తీస్తుంది. అందుకే సుక్మాలో ఆమెను చూసే డాక్టరు గారు అప్పుడప్పుడు ఏఎఫ్‌పీ పరీక్ష రాసేవారు. లివర్‌లో క్యాన్సర్ ఉంటే చాలామందికి రక్తంలో పెరిగే ప్రొటీన్ అది. ఈసారి ఆమె సాంపుల్ ఎర్రబోరులోనే తీసి, ఐస్ డబ్బాలో పెట్టి బస్సు మీద పంపారు.

ఏఎఫ్‌పీ బాగా పెరిగి ఉంది. డాక్టరు గారు జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పంపాలన్నారు. నాకు మిగతా ఫలితాలు అనుమానంగా తోచాయి. లివర్ దెబ్బతిన్నప్పుడు పెరిగే ఎస్‌జీపీటీ ఆమెకు ఎప్పుడూ ఎక్కువే, ఈసారి మామూలుగా ఉంది. హెపటైటిస్ బి అసలు లేదని వచ్చింది. ఆమెకు అలా ఉన్నట్టుండి పోయే జబ్బు కాదది. మెషీన్‌ను అనుమానించి మళ్లీ నడిపాను, అదే ఫలితం. ట్యూబులు తారుమారయ్యాయేమోనని ఎర్రబోరు కాంపౌండర్‌కు ఫోన్ చేశాను. పేరు పిలిస్తే వచ్చింది, తీశానన్నాడు. అతని మాటా నమ్మబుద్ధి కాలేదు. డాక్టరు గారితో చెబితే, మనిషినే పిలిపించమన్నారు.

కన్నమ్మ తన కోడలు రాధను వెంటబెట్టుకుని వచ్చింది. ముసలామె రెండు చేతులూ చూశాను, సూది గుర్తు లేదు. రాధ కొంగును మోచేతి మీదికి లాక్కుంది. అప్పటికే అక్కడ కమిలిన మచ్చ నా కంటబడింది.

రక్తం నువ్వే ఇచ్చావా అని అడిగాను. అవునంది. రిపోర్టు బాగాలేకపోతే జగదల్‌పూర్ పంపుతారని, అక్కడికి పోయినోళ్లు తిరిగి రారని అత్త తిండి మానేసిందట. అందుకే అత్తను ఎరగని కాంపౌండర్ కన్నమ్మ పేరు పిలిస్తే తనే లేచి చెయ్యి చాపింది.

"నా రక్తం మంచిదే గదక్కా. మంచి రిపోర్టు వస్తదనుకున్న."

ఏఎఫ్‌పీ పెరగడానికి క్యాన్సర్ ఒక్కటే కారణం కాదు. కడుపులోని బిడ్డ లివర్ కూడా దాన్ని తయారు చేస్తుంది, అది తల్లి రక్తంలోకి వస్తుంది. నెల తప్పావా అని అడిగాను. రాధ తల దించుకుని, ఐదో నెల అంది. ముందు రెండుసార్లు కడుపు పోయిందని, ఈసారి నిలిచేదాకా ఎవరికీ చెప్పొద్దనుకుందట.

కన్నమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. "ఏందే, నాకు చెప్పకపోతివి. మిషిన్‌కు చెప్తివా?"

అని తనే నవ్వి, నా ముందు చెయ్యి చాపింది. "తియ్ బిడ్డా. ఈసారి నాదే."

ఆమె అసలు రక్తంలో హెపటైటిస్ బి ఉంది, ఎస్‌జీపీటీ ఎక్కువే, ఏఎఫ్‌పీ మాత్రం నార్మల్. రాధ ముఖం వెలిగింది. "అయితే ఏం లేనట్టే గదక్కా?"

అప్పుడే అలా అనుకోవద్దన్నాను. కొన్ని క్యాన్సర్లకు ఏఎఫ్‌పీ పెరగనే పెరగదు. స్కానింగ్ ఎటూ చేయాల్సిందేనన్నారు డాక్టరు గారు. లివర్ కుడివైపున చిన్న గడ్డ కనబడింది. చిన్నదిగా ఉండగానే దొరికింది కాబట్టి రాయ్‌పూర్‌లో తీసేశారు. అక్కడికి వెళ్లడానికి కన్నమ్మ ఒప్పుకున్నది మనవడి ముఖం చూడాలనే. చూసింది కూడా.

ఇప్పుడు ఏ సాంపుల్ వచ్చినా ముందు అది ఎవరిదని అడుగుతాను, ఆ తర్వాతే ఏముందని చూస్తాను. అంకె బాగున్నప్పుడు ఇంకా అనుమానిస్తాను. మా ఆయన ఏఎఫ్‌పీ కూడా నార్మలే వచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చి ఇద్దరం తృప్తిగా భోంచేశాం.