వామి కింది రాళ్లు

నందికొట్కూరు దగ్గర మా చేలో వరిగడ్డి కట్టలు గోడలుగా పేర్చి రెండు గదుల ఇల్లు కట్టిస్తున్నాను. మొన్న వాన వెలిసిన పొద్దున, ఇంకా మట్టిపూత పడని గోడ మొదట్లోంచి ముక్కిన గడ్డి వాసన వచ్చింది. చెయ్యి పెడితే అడుగు వరస తడి. నేల చెమ్మ ఎక్కిందని నేను, పైనుంచి జల్లు కొట్టిందని మేస్త్రి. తేల్చుకోకుండా మట్టి మెత్తితే గోడ లోలోపలే కుళ్లిపోతుంది.

"ఏంటికమ్మా ఇంత యోచన? మీ మాటే నిజమనుకున్నా, అడుగున ప్లాస్టిక్ పట్ట పరిస్తే సాలు. చెమ్మ యాడ ఎక్కుతాది?" అన్నాడు మేస్త్రి.

పట్ట మాట వినగానే నాకు ఒళ్లు మండింది.

మా చిన్నప్పుడు కోతలయ్యాక జేజి, అంటే మా నాయనకు అమ్మ, గడ్డివామి వేయించే రోజు ఇంట్లో పండగే. ముందు బండరాళ్లు, వాటి మీద అడ్డదిడ్డంగా ఎండు కందికట్టె, ఆపైన గడ్డి, దుమ్ముకు దురదపుట్టిన ఒళ్లు గోక్కుంటూ మేం కట్టలు అందిస్తే మధ్యాహ్నం అందరికీ సజ్జరొట్టె, నంజుకోడానికి చెనిక్కాయల ఊరిబిండి. ఆ రాళ్ల సందుల్లో కోళ్లు గుడ్లు పెట్టేవి; పాములుంటాయని పెద్దవాళ్లు ఎంత అరిచినా మేం చేతులు దూర్చేవాళ్లం.

ఒక ఏడాది నాయన, రాళ్లూ కట్టెలూ దండగని, నేలమీదే ప్లాస్టిక్ పట్ట పరిచి వామి వేయించాడు.

"రేయ్, పైన పడిన నీళ్లు దిగినాక యాటికి పోవల్ల? నీ నెత్తిమీదికా?" అంది జేజి.

"నువ్వూరకుండుమా, ఇది కొత్త పద్ధతి."

ముంగారు వానలకు అడుగు గడ్డి నల్లగా బూజుపట్టింది. ఎద్దులు మూతి తిప్పుకున్నాయి. పట్ట నీళ్లు పట్టి ఉంచిందని జేజి, ఆమె వామి పైన సరిగా కప్పలేదని నాయన, జేజి పోయేదాకా వాదించుకున్నారు. నేనెప్పుడూ జేజి పక్షమే. కానీ ఆ ఏడు పైకప్పు వేసింది నిజంగానే జేజి! ఇన్నేళ్లూ ఏ నిజం కోసం గొంతు చించుకున్నానో ఇప్పుడు అనుమానంగా ఉంది.

అయినా గోడ విప్పించాను. పట్ట వద్దు, రాళ్లు ఎత్తుగా పేర్చి వాటి మీద కట్టమన్నాను.

"ఎంతెత్తు పెట్టల్లమ్మా?"

చూపిద్దామంటే ఊళ్లో ఒక్క వామి లేదు. ఎద్దులు పోయాయి, గడ్డిని యంత్రం చుట్ట చుడితే లారీలు ఎత్తుకుపోతున్నాయి. జేజి పేర్చిన రాళ్లు నాకు మోకాళ్ల దాకా వచ్చేవని చెప్పాను. ఎప్పటి మోకాళ్లని మేస్త్రి అడగలేదు. నేనే, చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి, కాలి మీద ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ చెయ్యి పెట్టి చూసుకుంటూ నిలబడ్డాను.