ఒక్క బకెట్లో మూడు ఊళ్ల నత్తగుల్లలు

సూర్యాపేటలో ఒక జూనియర్ కాలేజీలో నేను జువాలజీ చెబుతాను. రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చిపోతుంటాను. పరిణామ సిద్ధాంతం పాఠం వచ్చిందంటే చాలు, ప్రతి ఏడూ నాకు ప్రాణం విసిగిపోతుంది. దాదాపు ఐదేళ్లు ఓడలో ప్రపంచం చుట్టివచ్చిన ఒక ప్రకృతి శాస్త్రవేత్త కథను మా స్టడీ మెటీరియల్ మూడు బిట్లకు కుదించేసింది: ఓడ పేరు, దీవుల పేరు, పిట్టల పేరు.

నిరుడు నేనూ అలాగే చెప్పాను. దీవుల్లో పిట్టల ముక్కులు చూశాడు, జాతులు మారతాయని గ్రహించాడు, అంతే. మిర్యాలగూడ దగ్గర త్రిపురారం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అమ్మాయి లేచి నిలబడింది.

"సూడంగనే ఎట్ల తెలిసింది మేడం? మా పొలంల నేను రోజూ కొంగలను సూస్త. నాకేం తెలుస్తలేదు."

"ముందు బిట్లు రాసుకో" అని కసిరాను. ఇంటికి వెళ్తూ బస్సులో దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం ఇళ్లకు వెళ్లే పిల్లలను ఖాళీ నత్తగుల్లలు తెమ్మన్నాను. త్రిపురారం కాలువ నుంచి కొన్ని, చివ్వెంల చెరువు నుంచి కొన్ని వచ్చాయి. కోదాడవి నేనే తెచ్చాను. ఏ ఊరివి ఆ కవర్లో వేసి, ఊరి పేరు రాసిన చీటీలు పెట్టించి ల్యాబ్‌లో ఉంచాను. చోటు మారితే గుల్లలు మారతాయేమో పిల్లలే చూస్తారని ఆశ.

సోమవారం మధ్యాహ్నం ల్యాబ్‌కు వెళ్లేసరికి కవర్లు లేవు. మా పెద్ద వయసు అటెండరు నవ్వుతూ బకెట్ చూపించాడు.

"వాసన కొడుతున్నయ్ మేడం. మంచిగ కడిగి అన్నీ ఒక్కకాడ ఏసిన."

"చీటీలేవి?"

"గవి తడిసినయ్. పారేసిన."

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతలో ప్రిన్సిపాల్ తొంగిచూశారు. "మేడం, ఎంట్రెన్స్‌ల నత్తలు అడుగుతరా? సిలబస్ ఎప్పుడు ఖతం జేస్తరు?"

ఆ సాయంత్రం ఇంట్లో ఉక్రోషంతో ఆ ప్రయాణం గురించి మొదటిసారి పూర్తిగా చదివాను. ఆయన కూడా వేర్వేరు దీవుల పిట్టలను కలిపేశాడు! దీవిలో ఆయనకు ఏ మెరుపూ మెరవలేదు. సముద్రం పడక వాంతులు చేసుకుంటూనే చూసింది రాసుకున్నాడు, దొరికింది దాచుకున్నాడు. ఇంటికొచ్చాక ఒక పక్షి నిపుణుడు ఇవన్నీ వేర్వేరు జాతులన్నాడు. ఏది ఏ దీవిదో తెలియక, ఓడ కెప్టెనూ ఇతరులూ దీవి పేరు రాసి ఉంచిన పిట్టలను తెప్పించుకొని పోల్చాడు. ఆ ప్రయాణం ఆయన చేతికి జవాబు ఇవ్వలేదు, ఏళ్ల తరబడి వదలని ప్రశ్నలు ఇచ్చింది. ఇన్నేళ్లు నేను పిల్లలకు చెప్పింది అబద్ధమే కదా!

మర్నాడు క్లాసులో ఇదంతా చెప్పాను. త్రిపురారం అమ్మాయి ఇంటి నుంచి బయల్దేరే ముందు తన గుల్లలను నోట్‌బుక్ మీద పరిచి ఫోటో తీసిందట. హాస్టల్ వార్డెన్ దగ్గరున్న తన ఫోన్ అడిగి తెచ్చింది. చారలనూ పెచ్చులనూ పోల్చుకుంటూ బకెట్లోంచి తొమ్మిది గుల్లలు ఏరాం. తొమ్మిదీ మిగతావాటికంటే పల్చగా ఉన్నాయి.

"మా కాలువయే ఎందుకు పల్చగున్నయ్ మేడం?"

"తెలియదు" అన్నాను. ఇన్నేళ్లలో క్లాసులో ఆ మాట అనడం అదే మొదలు. మిగతావి ఏ ఊరివో తేలక, వచ్చే ఆదివారం మళ్లీ తెమ్మన్నాను.

రెండు వారాల్లో సిలబస్ వెనకబడింది. ప్రిన్సిపాల్ శనివారం సాయంత్రం అదనపు క్లాసు వేశారు. బస్సు తప్పిపోతుందని గొణుక్కుంటూ వెళ్లాను. పిల్లలు నాకంటే ముందే వచ్చి, కొత్తగా తెచ్చిన గుల్లల పక్కన స్కేలు పెట్టి కొలుస్తూ, ఎవరి లెక్క సరైందో తేలక గట్టిగా పోట్లాడుకుంటున్నారు.