రబ్బర్ల డబ్బా

మా డ్రాయింగ్ సార్ పోయిన కబురు పోయిన బుధవారం పొద్దున, అత్తమ్మకు టిఫిన్ పెడుతుండగా తెలిసింది. నిద్రలోనే పోయారట. రెండు నెలలు దవాఖాన మంచం మీద నలిగిన మనిషి నొప్పి తెలియకుండా వెళ్లిపోయారని విని ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది.

సార్‌ది మొయినాబాద్. సర్కారు బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాక, ప్రతి ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు చార్టుల చుట్ట చంకన పెట్టుకుని షేర్ ఆటోలో మా పల్లె హిమాయత్‌నగర్‌లో దిగేవారు. చర్చి పక్క ఖాళీ జాగాలో, వేపచెట్ల నీడన చాపలు పరిచేవాళ్లం. చర్చికి వచ్చేవాళ్లూ రానివాళ్లూ పిల్లాపాపలతో వచ్చి కూర్చునేవారు. అంతా ఉచితమే. ఇంటికో చార్టు, దాని మీద ఇంట్లో అందరూ బొమ్మ వేయాలి. పిల్లల్ని దింపి ఫోన్ చూసుకుందామనుకునే తండ్రుల చేతిలోనే ముందు క్రేయాన్ పడేది.

ఇంకో షరతు, రబ్బరు వాడకూడదు. చాప మీద కూర్చునే ముందు ఎవరి రబ్బరు వాళ్లు సార్ పట్టుకున్న స్టీలు టిఫిన్ డబ్బాలో వేయాలి, పోయేటప్పుడు తీసుకోవాలి. తప్పు గీత పడితే దాన్నే ఇంకోటి చేయమనేవారు. ఒకసారి మా బిడ్డ గీసిన మేక కాలు చార్టు అంచు దాకా సాగిపోయింది. అది ఏడుపు అందుకుంటే, మేక ఎటు పోతుందో చూద్దాం పట్టు అన్నారు సార్. ఆ కాలు కాస్తా చేవెళ్ల రోడ్డయింది, దాని మీద ఆటో కూడా వచ్చింది.

మా అత్తమ్మ మాత్రం ఏడాది పాటు చాప అంచునే కూర్చుంది. తనది కూలి చెయ్యి, బొమ్మలకు పనికిరాదనేది. ఒకరోజు సార్ ఆమె ముందు గొంతుక్కూర్చున్నారు.

"అవ్వా, చేన్ల క్యారెట్ మళ్లు ఎవరు కడ్తరు?"

"నేనే."

"తాడు పట్టి కడ్తవా?"

"తాడెందుకు సారూ, కంటితోనే."

"మరి గీత రాదంటవేంది?"

ఆ రోజు అత్తమ్మ చార్టు నిండా మళ్లు గీసింది. ఇంటికొచ్చేదాకా తనలో తనే నవ్వుకుంది.

పోయిన నెల దవాఖానకు చూడబోతే సార్ ఆ డబ్బా నా చేతిలో పెట్టారు. తిన్నగా సున్నా చుట్టడం రాని నాకెందుకు సార్ అన్నాను.

"గీసుడు నీ పని గాదు బిడ్డా. డబ్బా పట్టుకొని నిలబడు. చాలు."

సరేనన్నాను కానీ లోపల భయమే. సార్ మంచాన పడ్డప్పటి నుంచి చాపలు పరిచింది లేదు. ఇక ఎవరొస్తారు, ఇదీ ఆయనతోనే పోతుందని రోజూ కుమిలిపోయాను. ఆయనకు మాటిచ్చి తప్పినదాన్ని అవుతానని నా బాధ.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక డబ్బా తీసుకుని బయటికొచ్చాను. వేపచెట్ల కింద చాపలు అప్పటికే పరిచి ఉన్నాయి. అత్తమ్మ పని అది. చందనవెల్లి ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగిన ఒకాయన యూనిఫాం కూడా మార్చకుండా కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల నా ముందు ఆగి, నేనేమీ అడగకముందే రబ్బరు తీసి డబ్బాలో వేసింది. దాని వెనక ఇంకో పిల్ల, ఆ వెనక ఇంకో ఇంటివాళ్లు.

నా గుండెల మీది బరువు దిగిపోయింది. సార్ చెప్పినట్టే డబ్బా పట్టుకుని నిలబడ్డాను. రబ్బర్లు ఒకదాని మీద ఒకటి టప్ టప్‌మని పడుతూనే ఉన్నాయి.