గవర్నమెంట్ రేటు రిపోర్టు

మా కింది వాటాలో ఉండే దర్జీకి జ్వరం వచ్చిన వారం సీతాఫల్‌మండిలో ఇంటికొకరు మంచం పట్టి ఉన్నారు. వానలు వెనకపట్టాక ప్రతి ఏడూ ఉండేదే. ఈసారి కొత్తగా ఉన్నది మా వీధి చివరి ల్యాబు అద్దానికి అంటించిన ఒక కాగితం. డెంగీ పరీక్షకూ, రక్తకణాల లెక్కకూ ప్రైవేటు ల్యాబులు ఇంతకు మించి తీసుకోకూడదని ప్రభుత్వం ధర కట్టింది. ఆ ధరలు అందులో ఉన్నాయి. దాన్ని సరిగ్గా కుర్చీల వెనక, కూర్చున్నవాళ్ల తలల ఎత్తులో అంటించారు. చదవాలంటే ఎవరినో ఒకరిని లేవమనాలి. నేను ఒక పెద్దాయనను లేవమని అడిగి చదివాను. అచ్చయిన కాగితం ఏది కనబడినా చదవకుండా ఉండలేను. కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్నాను మరి.

దర్జీ కంటోన్మెంటులోని దుకాణాలకు సైనికుల యూనిఫాంలు కుడతాడు. మిషను వాళ్ల ముందు గదిలోనే ఉంటుంది. వాళ్లది తాతల నాటి నుంచి ఈ ఊరే. నేను పెళ్లయ్యాక విజయనగరం వైపు నుంచి వచ్చినదాన్ని. పోయిన ఏడు మా ఆయన పోయారు. ఆ తర్వాత దర్జీ, అతని భార్య నన్ను పలకరించడం మానలేదు. ఓదార్చడానికీ ప్రయత్నించలేదు. ఆ రెండింటికీ నేను వాళ్లకు రుణపడి ఉన్నాను.

శనివారం మధ్యాహ్నం అతని భార్య మెట్లెక్కి పైకి వచ్చింది. చేతిలో ల్యాబు రిపోర్టు ఉంది.

"అక్కా, జెర నువ్వొచ్చి చెప్పు. నా మాట ఇంటలేడు."

రిపోర్టులో డెంగీ ఉన్నట్టు వచ్చింది. ప్లేట్‌లెట్లు తొంభై రెండు వేలు. లక్షకు తగ్గితే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లమని క్లినిక్కులో డాక్టరు ముందే చెప్పాడట. ఇతనేమో కదలనంటున్నాడు. ఆ రోజు పొద్దున్నే జ్వరం దిగిపోయింది. దాంతో ఇంకా మొండికేశాడు.

నేను దిగేసరికి చాప మీద, మిషను బల్లకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఏం తమ్ముడూ, ఆసుపత్రికి వెళ్లమన్నారట కదా?"

"గది గవర్నమెంట్ రేట్ రిపోర్టు అక్కా. గది పట్టుకొని దవాఖానల పండాల్నా? సోమారం నాడు పెద్ద ల్యాబ్‌కు పోయి, పూరా పైసలిచ్చి చేయించుకుంటా. అప్పుడు సూద్దాం."

"తక్కువ పైసలల్ల సస్తగ అయితదని నువ్వే ఉరికితివి గద!" అంది భార్య.

"ఉరికిన. మంచంల పన్నంక సోంచాయించిన." నా వైపు తిరిగాడు. "ఇను అక్కా. ఎనకట ఒక కంట్రాక్టరు జతకు గింతే అని రేట్ కట్టిండు. సరే అన్న. ఏం జేసిన? అంగుళానికి పన్నెండు కుట్లు ఏసే కాడ ఎనిమిది ఏసిన. లోపట మడత బట్ట తగ్గించిన. ఇస్త్రీ చేసి ఇస్తే పైకి ఒక్క తీరుగనే ఉంటది. రేట్ కట్టినోడు రేటే సూస్తడు, కుట్టు సూడడు. నేనే గట్ల చేస్తిని, గా ల్యాబోడు చెయ్యడా?"

"సిగ్గు లేకుంట చెప్తుండు సూడు అక్కా!"

"సిగ్గేందే? అనుభవం చెప్తున్న."

ధరల నియంత్రణ గురించి నేను రెండు మూడు మంచి పుస్తకాలు చదివాను. వాటిలో సరుకు మాయం కావడం గురించి ఉంది, దొంగచాటు అమ్మకాల గురించి ఉంది. అంగుళానికి ఎన్ని కుట్లు తగ్గుతాయో ఎవరూ రాయలేదు. అతను చెప్పింది తప్పని నాకు అనిపించలేదు. అతని భార్య మాత్రం నేను ఏదో ఒకటి చెబుతానని నా ముఖం చూస్తోంది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో భయం కంటే కుతూహలమే నాకు ఎక్కువగా ఉంది. రక్త పరీక్షలో కుట్లు ఎక్కడ ఉంటాయి? తగ్గించాలంటే ఎక్కడ తగ్గిస్తారు?

"రిపోర్టు నాకివ్వు. అరగంటలో వస్తాను" అని ల్యాబుకు వెళ్లాను.

అక్కడ రక్తం తీసే అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి. ఆ వేళ జనం లేరు. డబ్బాలో తెచ్చుకున్న అన్నం తింటోంది. తినడం అయ్యేదాకా ఆగి అడిగాను. ప్రభుత్వ ధరకు చేసే పరీక్షకూ, మామూలు ధర పరీక్షకూ మందులో గానీ, మిషనులో గానీ తేడా ఉంటుందా అని.

ఆమె నవ్వింది. "మెషీన్‌కు రేటు తెల్వది మేడమ్. ట్యూబ్ మీద బార్‌కోడ్ ఉంటది, గంతే. మీది, మినిస్టర్‌ది ఒక్కకాడనే తిరుగుతయి."

"అయితే ఎక్కడా తేడా లేదు?"

"లేదు మేడమ్."

"ఏమీ లేదా? బండి, మనుషులు, సమయం... ఏదీ మారలేదా?"

ఆమె డబ్బా మూత పెట్టింది. బయటికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"టైము మారింది. ఇక్కడ మేము బ్లడ్ తీసుడు వరకే. టెస్టులు మెయిన్ ల్యాబ్‌ల చేస్తరు. ఇంతకుముందు మూడు సార్లు బండొచ్చి తీస్కపోతుండె. గా కాగితం అంటించినంక గవర్నమెంట్ రేట్‌వి అన్నీ జమ చేసి సాయంత్రం ఒక్కపారే పంపుతున్నం. పూరా రేట్ ప్యాకేజీలవి పొద్దున బండిల పోతయి. ఒక్క ట్యూబ్‌కు బండి పంపితే పెట్రోల్ సుత రాదంటరు మా సార్."

"అక్కడికి చేరాక?"

"అక్కడ సుత ముందు ప్యాకేజీలవి పెడ్తరు. కానీ టెస్ట్ మాత్రం కరెక్టే మేడమ్, ఒట్టు. తప్పు రిపోర్టియ్యరు."

రిపోర్టు ఆమె ముందు పెట్టాను. పై మూలలో చీమల వరసలా ఉన్న అక్షరాలను వేలితో చూపించింది. అక్కడ రెండు సమయాలు ఉన్నాయి. రక్తం తీసినది శుక్రవారం ఉదయం ఎనిమిదికి. రిపోర్టు ఇచ్చినది శనివారం పన్నెండున్నరకు.

"అంటే ఈ తొంభై రెండు వేలు..."

"నిన్న పొద్దుటియి. పేషెంట్‌కు జ్వరం ఉన్నదా?"

"ఇవాళ పొద్దున దిగిందట."

"జ్వరం దిగినప్పుడే జెర సూస్కోవాలె మేడమ్. కౌంట్ అప్పుడే పడ్తది. బాగైందని ఇంట్ల కూసుంటరు." రిపోర్టు నాకు తిరిగిస్తూ, "నేను చెప్పిన్నని అనకుండ్రి" అంది.

అననని మాట ఇచ్చాను. ఇప్పటికీ ఆమె పేరు నేను ఎవరికీ చెప్పలేదు.

తిరిగి వచ్చే దారిలో మా ఆయన రిపోర్టులు గుర్తొచ్చాయి. ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ రోజుకు రెండు మూడేసి కాగితాలు ఇచ్చేవారు. అన్నింటినీ తేదీల వరసలో ఫైలులో పెట్టాను. అది నాకు బాగా వచ్చిన పని. ఒక్కదాని మీద కూడా రెండు సమయాలు ఉంటాయేమోనని నేను చూడలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు కూడా. అడిగితే ఏమయ్యేదో తెలియదు, బహుశా ఏమీ అయ్యేది కాదు. ఆయన జబ్బు వేరు. అయినా అన్ని కాగితాలు చదివే మనిషిని, వాటిని ఎందుకు చదవలేదా అని ఆశ్చర్యపోతూ నడిచాను. ఇంటి గేటు దాటి రెండడుగులు ముందుకు పోయి వెనక్కి వచ్చాను.

దర్జీ నేను వదిలివెళ్లిన చోటే ఉన్నాడు. ఈలోపు ఒకసారి వాంతి చేసుకున్నాడని భార్య చెప్పింది.

"ఏమన్నరక్కా? మా మిషిన్ మంచిదే అన్నరా?"

"అన్నారు. మిషను మంచిదే. కానీ నువ్వు చెప్పింది కూడా నిజమే. తగ్గించారు."

నిటారుగా కూర్చున్నాడు. "సూసినవా! ఏడ?"

"సమయంలో. ఈ రేటు రక్తాన్ని పొద్దుటి బండికి పంపరట. అన్నీ పోగుచేసి సాయంత్రం పంపుతారట. ఇదిగో, నీ రక్తం తీసింది నిన్న పొద్దున ఎనిమిదికి."

"నేనేం చెప్పిన! చెప్పిన్నా లేదా?" భార్య వైపు చూసి వేలు ఆడించాడు. "ఏడ్నో ఒక్కకాడ కోస్తరు. కొయ్యకుంట ఎవ్వడుండడు." ఆ ముఖంలో కనబడింది సంతోషమే, ఇంకో మాట వాడలేను. తర్వాత కాగితం నా చేతిలోంచి తీసుకుని, వేలు ఆ అంకె మీద ఆనించి కాసేపు చూశాడు.

"మరి గీ లెక్క తప్పా, ఒప్పా?"

"ఒప్పే. నిన్నటికి ఒప్పు."

"ఇయ్యాల ఎంతున్నదో?"

"తెలీదు తమ్ముడూ. జ్వరం దిగాకే ఇంకా పడుతుందట."

అతను గోడ గడియారం చూశాడు. మూడు దాటింది. నిన్న ఎనిమిది నుంచి ఇప్పటికి ఎన్ని గంటలో వేళ్ల మీద లెక్కేస్తున్నాడని అర్థమైంది. లెక్క అయ్యాక చేయి చాపాడు.

"నా చెప్పులియ్యే."

"గంట సేపటి సంది నేను మొత్తుకుంటున్న గద!"

"నువ్వు పో అన్నవ్. ఎందుకు పోవాల్నో అక్క చెప్పింది. నడువు, ఆటో పిలువు."

పెద్దాసుపత్రిలో రక్తం తీసిన గంటలోపే అంకె వచ్చింది. యాభై ఒక్క వేలు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, వాంతులు ఎన్ని అయ్యాయని అడిగి, వెంటనే పడక రాయించింది. సోమవారం దాకా ఆగుదామనుకున్నాడని అతని భార్య చెప్పబోతే అతనే ఆపాడు. "గవన్నీ ఇప్పుడెందుకే."

ఆదివారం అంకె ఇంకా దిగింది. ఆ పగలంతా అతని భార్య, నేను వార్డు బయటి బెంచీ మీద కూర్చున్నాం. సోమవారం ఆగింది. మంగళవారం నుంచి ఎక్కడం మొదలుపెట్టింది. నర్సు వచ్చి ఎప్పుడు అంకె చెప్పినా అతను ఒకటే అడిగేవాడు: "ఎప్పుడు తీసింది సిస్టర్?"

"ఏమయ్యా, నీకు అంకె కావాల్నా, టైము కావాల్నా?"

"రెండూ కావాలె."

గురువారం పొద్దున నేను వెళ్లేసరికి నర్సు కాగితం పట్టుకుని నిలబడి ఉంది. లక్షా నాలుగు వేలు. అతను అడగకముందే, "ఆరున్నరకు తీసినం, ఏడుంపావుకు వచ్చింది, ఇంగ చాలునా?" అంది.

"చాలు" అని, అతను ఇంటికి పోవడానికి భార్యను చొక్కా అడిగాడు.