గోడకు మూడు మీటర్లు

ఈ ఉదయం ఐదు గంటల యాభై రెండు నిమిషాలకు, బషీర్‌బాగ్‌లోని ఒక పాఠశాల మైదానంలో, అప్పుడే నీళ్లు చల్లిన మట్టి వాసనలో తడి సున్నం ఘాటు కలిసి ముక్కుకు తగులుతుండగా, ప్రహరీగోడకు సమాంతరంగా గీసి ఉన్న ఒక తెల్లగీత ముందు ఆగి, సంచిలోంచి టేపు తీసి కొలిచాను. మూడు మీటర్లు, సెంటీమీటరు తేడా కూడా లేదు. కొలత పరికరాలను సరిచూడటం నా ఉద్యోగం. పిల్లలకు వాలీబాల్ నేర్పేవారిలో మిగతా కోచ్‌లు చూసి నేర్చుకోదగినవారు ఎవరో గుర్తించే ఒక కమిటీలో ఉండటం సెలవురోజుల పని. నెట్టుకు మూడు మీటర్ల దూరంలో గీత ఉండాలని ఆట నియమాల్లో ఉంది. గోడకు మూడు మీటర్ల దూరంలో ఉండాలని ఎక్కడా లేదు. అలాంటి గీతను మొట్టమొదట గీసింది పన్నెండేళ్ల వయసులో నేను.

మా మైదానం నాంపల్లిలో, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు పదకొండు వందల మీటర్ల దూరంలో ఉండేది. కోస్తా నుంచి నాన్న ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడిన కుటుంబం మాది; ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల గుట్టల్లో నాన్న కొనిచ్చిన వాలీబాల్ నియమాల పుస్తకం, అట్ట ఊడిపోయి, చెమ్మ వాసన కొడుతూ, నాకు తిండికన్నా ఇష్టంగా ఉండేది, అందులోని అంకెలన్నీ నాకు నోటికి వచ్చు. నా స్నేహితురాలు శారద, బేగం బజార్‌లో మిర్చి, పసుపు టోకున అమ్మే ఇంటి పిల్ల. ఆమె దుపట్టా దులిపితే నలుగురు తుమ్మేవాళ్లు. పండగలప్పుడు ఆమె డబ్బాలోని సకినాలూ గరిజెలూ నాకు, మా అమ్మ చుట్టిన సున్నుండలు ఆమెకు. వానపడి నేల బురదైన రోజుల్లో వరండాలో గచ్చకాయలు ఆడుతూ, స్టేషను వైపు నుంచి వచ్చే ఇంజిన్ కూతలను లెక్కపెట్టేవాళ్లం.

మా పన్నెండు మంది అమ్మాయిలకు ఆట నేర్పినది గంగాధర్ సార్. చిరిగిన నెట్టు తాడును రెండు మడతలు వేసి, కొసన రెండు ముడులు పెట్టి జేబులో ఉంచుకునేవారు. బంతి జారితే ఆ తాడు పిక్కల మీద పడేది. అంతకన్నా కోపం వస్తే మోచేతికి పైన చేత్తో బిగించి పట్టి, చెంప మీద కొట్టేవారు. ఆ పట్టుకు నాలుగు గుండ్రటి కమిలిన మచ్చలు వరుసగా తేలేవి. మా జట్టు గెలిచేది. అందుకని ఊళ్లో ఆయనకు పేరు. శారదను మొదటిరోజు అప్పగిస్తూ వాళ్ల నాన్న చేతులు జోడించి, "బొక్కలు మాకు, తోలు మీకు సార్" అన్నాడు, ఎముకలు మిగిలితే చాలన్నట్టు. మా అమ్మ నా మచ్చలకు పసుపు రాస్తూ, "కొట్టే మేష్టారికే శ్రద్ధుంటుందే, ఊరుకో" అనేది.

అదే మైదానంలో రెండో సగంలో చిన్న పిల్లలకు ప్రమీల మేడం నేర్పేది. ఆమె బంతిని సుద్దపొడిలో దొర్లించి విసిరేది. పిల్ల చేతులు చాచి దాన్ని అందుకోగానే తెల్లటి అచ్చు ముంజేతి మీద పడేది. మణికట్టుకు నాలుగు వేళ్ల ఎగువన, రెండు చేతుల మీదా సమానంగా పడితే సరి. పక్కకు పడితే ఆ పిల్లే చూసుకుని, తుడుచుకుని, మళ్లీ నిలబడేది. ఆమె గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఆ జట్టు ఓడిపోతుండేది, మేము నవ్వేవాళ్లం.

మే నెలలో ఒక సాయంత్రం శారద మూడు సర్వీసులు వరుసగా వదిలేసింది. సార్ నన్ను పిలిచారు.

"ఏయ్ కొలతల పిల్లా, నెట్టుకాడి నుంచి గీత ఎంత?"

"మూడు మీటర్లు సార్."

"గోడకాడి నుంచి గంతే కొలిచి గియ్యి."

నా కొలతను ఆయన మెచ్చుకున్నారన్న సంతోషంతో, తాడు పట్టి, సున్నం పోసి, వంకర లేకుండా గీశాను. శారదను గోడకు ఆనించారు.

"ఏంది, పెండ్లికొచ్చినవా? చేతులు ఎన్కకు పెట్టు. మిర్చి మూటల నడుమ పెరిగినదానివి, బంతికి భయపడ్తవా?"

ఆయన గీత మీద నిలబడి కొట్టారు. మొదటి బంతి భుజానికి, రెండోది నోటికి, మూడోది నుదుటికి తగిలింది. నాలుగోది తగిలే ముందు శారద తల తిప్పింది. ఎడమ చెవి మీద బంతి పడిన చప్పుడు, తడి గుడ్డను బండకేసి బాదినట్టు, మైదానమంతా వినిపించింది. చెవిలోంచి సన్నగా నెత్తురు మెడ మీదికి దిగింది. "ఏం కాదు, ఆడుండ్రి" అన్నారు సార్.

మర్నాడు ఒక క్లబ్బు నుంచి ఇద్దరు పెద్దమనుషులు వస్తున్నారని మాకు తెలుసు. ఊళ్లోని బడుల కోచ్‌లందరికీ ఆదర్శంగా ఒక కోచ్‌ను ఎంపిక చేస్తారు. వాళ్లు కెప్టెన్‌తో మాట్లాడతారు. కెప్టెన్ నేనే. ఇంటికి నడుస్తూ దుపట్టా చెవికి అదిమిపట్టి శారద అంది: "నువ్వే చెప్పాలె. నేను చెప్తే ఆట రాక ఏడుస్తున్న అంటరు. చెప్తవా?"

"ఒట్టు" అన్నాను.

ఎండ నలభై డిగ్రీలు దాటిన ఆ మధ్యాహ్నం నేను నిండు చేతుల చొక్కా వేసుకుని వెళ్లాను. పెద్దమనుషుల్లో ఒకాయన దయగానే అడిగారు: "మీ సార్ కొడతారా అమ్మా?" ఆయన వెనక పది అడుగుల్లో సార్ నిలబడి ఉన్నారు. జిల్లా జట్టు పేర్ల కాగితం ఆయన జేబులోనే ఉంది.

"లేదు సార్. ఆటలో తగిలేవే" అన్నాను.

వాళ్లు వెళ్లాక శారద పరుగున వచ్చి, తల తిప్పి కుడిచెవి నా నోటి దగ్గర పెట్టింది. "ఏమన్నవే? జర గీ చెవిల చెప్పు. గా చెవిల ఏం వినొస్తలేదు."

"చెప్పేశా" అన్నాను.

గంగాధర్ సార్ ఎంపికయ్యారు. శనివారాలు పదకొండు బడుల కోచ్‌లు నోటుపుస్తకాలతో వచ్చి, గోడ ముందు వంతులవారీగా నిలబడే మమ్మల్ని చూసి రాసుకునేవారు. ఒక శనివారం ఒకాయన దూరం ఎంతని అడిగితే, టేపు పరిచి చూపిస్తూ "మూడు మీటర్లు సార్, ఖచ్చితంగా" అని చెబుతున్నాను. తలెత్తితే గేటు దగ్గర శారద. దవాఖానలో చెవికి కట్టిన కట్టుతో, వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని ఉంది. గీతను చూసింది, టేపును చూసింది.

"చెప్పిన అన్నవ్ గదనే" అంది. అరవలేదు. మళ్లీ నాతో మాట్లాడలేదు.

ఈ ఉదయం బషీర్‌బాగ్‌లో కోచ్ తన పతకాల జాబితా చూపించాడు. చాలా పొడవైన జాబితా. గోడ సాధన తన గురువు దగ్గర నేర్చుకున్నాననీ, ఆయన నాంపల్లిలో ఎవరో పెద్ద సార్ దగ్గర నేర్చుకున్నారనీ గర్వంగా చెప్పాడు. ఎండాకాలంలో నిండు చేతుల చొక్కాతో నిలబడ్డ కెప్టెన్‌ను నేనేమీ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో తెలుసు. చొక్కా చేతులు పైకి మడవమన్నాను. ముంజేతుల మీద బంతి ఎరుపు. మోచేతికి పైన నాలుగు గుండ్రటి మచ్చలు. ఈయన దగ్గర ఎవరూ నేర్చుకోకూడదని నివేదికలో రాశాను. కింద, ఒకప్పుడు ఇదే ప్రశ్నకు ఇలాంటి కమిటీ ముందు నేను అబద్ధం చెప్పానని కూడా రాసి, సంతకం పెట్టాను.

నాంపల్లి మైదానం ఇప్పుడు లేదు. దాని మీద నాలుగంతస్తుల భవనం, కింద బండ్లు నిలిపే సెల్లారు. ప్రమీల మేడం ఆ మరుసటి ఏడే మానేసింది; ఎక్కడికి వెళ్లిందో విచారిస్తే చెప్పగలిగినవాళ్లు దొరకలేదు. నాకు తెలిసినంతవరకు నష్టం ఇది: శారద ఎడమ చెవి వినికిడి, పూర్తిగా. ఇంకొక అమ్మాయి ముందుపళ్లు, రెండు. వంకరగా అతుక్కున్న వేళ్లు, మూడు, ఒకటి నాది. ఆ ఏడాదిలో ఆట వదిలేసినవాళ్లు, పన్నెండు మందిలో ఏడుగురు. గంగాధర్ సార్ దగ్గర నేర్చుకున్న కోచ్‌లు, పదకొండు మంది. ప్రమీల మేడం దగ్గర నేర్చుకున్న కోచ్‌లు, ఒక్కరూ లేరు.